డ్వేన్ కాదన్న రోజు

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉక్కు కర్మాగారాలున్న ఒక ఊళ్లో డ్వేన్ అనే గిటారిస్టు ఉండేవాడు. మంచివాడే గానీ, ఎదుటి మనిషి ముఖం చూసి కాదని చెప్పలేకపోయేవాడు.

అతనూ, వెల్డింగు షాపులో పనిచేసే లోరెట్టా, మరో ఇద్దరు స్నేహితులూ కలిసి 'ఫర్నేస్ స్ట్రీట్' అనే పేరుతో, చెవులు హోరెత్తించే హెవీ మెటల్ సంగీతం వాయించే బ్యాండు పెట్టారు. డ్వేన్ పాటలు కట్టేవాడు. లోరెట్టా డ్రమ్స్ వాయించేది. ఆమె వాయిస్తుంటే హాల్లో చివరి వరసలో ఉన్నవాళ్ల గుండెలు కూడా అదిరేవి. కర్మాగారాలు మూతబడి ఊరంతా దిగాలుపడిన రోజుల్లో, "మనం ఇంకా చావలేదు" అని ఆ చప్పుడే ఊరికి చెప్పేది.

బ్యాండు పేరు నగరాలకు పాకింది. హార్లన్ అనే రికార్డుల కంపెనీ మేనేజరు వాళ్ల పాటలు రికార్డు చేస్తానంటూ వెతుక్కుంటూ వచ్చాడు.

"జుట్టు కత్తిరించుకోండి" అన్నాడు. "సరే" అన్నాడు డ్వేన్.

"పాటలు కాస్త మెత్తగా ఉండాలి" అన్నాడు. డ్వేన్ దానికీ సరే అన్నాడు.

కొన్నాళ్లకు హార్లన్ మళ్లీ వచ్చాడు. "ఆ అమ్మాయి మోత రేడియోవాళ్లకు పడటం లేదు. డ్రమ్స్ బదులు దరువు వేసే మెషిన్ పెడదాం. ఆమెను పంపించెయ్" అన్నాడు.

లోరెట్టా లేకపోతే ఆ బ్యాండే లేదని డ్వేన్‌కు తెలుసు. అయినా "సరే" అన్నాడు.

ఆ మాట చెప్పడానికి వెళితే లోరెట్టా ఏడవలేదు. "ఆయనకు కాదని చెప్పడం చేతగాక, నాకు చెప్పడానికి వచ్చావన్నమాట" అంది. డ్రమ్ముకర్రలు సంచిలో వేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

కొత్త రికార్డు విడుదలైంది. మొదటి కచేరీ సొంత ఊళ్లోనే పెట్టారు. మెషిన్ టకటకమంటూ ఉంటే జనం చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇంతలో ఒక ముసలి కార్మికుడు బూటుకాలితో నేలను తన్నడం మొదలుపెట్టాడు. పక్కవాడు అందుకున్నాడు. చూస్తుండగానే లోరెట్టా వాయించే దరువును హాలంతా కాళ్లతో వాయించింది. మెషిన్ చప్పుడు అందులో కలిసి వినబడకుండా పోయింది.

డ్వేన్ తలెత్తలేకపోయాడు. వెళ్లి మెషిన్ ప్లగ్గు పీకేశాడు.

"ఏం చేస్తున్నావ్! మళ్లీ పెట్టు! లేకపోతే కంపెనీ మిమ్మల్ని వదిలేస్తుంది" అని వేదిక పక్కనుంచి హార్లన్ అరిచాడు.

"పెట్టను" అన్నాడు డ్వేన్. "వదిలేస్తే వదిలేయండి."

మర్నాడు వెల్డింగు షాపుకు వెళ్లి, "తప్పు చేశాను లోరెట్టా. తిరిగి రా" అన్నాడు.

ఆమె చేతిలో ఉన్న అతుకు పూర్తిచేసింది. అప్పుడు ముఖానికి ఉన్న కవచం పైకెత్తి, "వస్తాను. మళ్లీ ఎవడైనా చప్పుడు తగ్గించమంటే?" అని అడిగింది.

"చెవుల్లో దూది పెట్టుకోమంటాను."

లోరెట్టా నవ్వలేదు. కానీ ఆ సాయంత్రం సాధనకు అందరికంటే ముందు వచ్చింది.

అన్నంత పనీ చేసింది కంపెనీ. రేడియోలో వాళ్ల పాట మళ్లీ వినిపించలేదు. పెద్ద హాళ్లు దొరకలేదు. వాళ్లు చిన్న హాళ్లలో వాయించారు, మూతబడ్డ కర్మాగారాల ఆవరణల్లో వాయించారు. జుట్టు నెరిసేదాకా, ఒక్క దరువు కూడా మెత్తబడకుండా వాయించారు.

నీతి: అందరికీ సరే అనేవాడు చివరికి తనవాళ్లకే ద్రోహం చేస్తాడు, కాదనవలసిన చోట కాదన్నవాడే నిలబడతాడు.