దుప్పటి వెనక చెయ్యి

చెంపకు బంతి తగిలిన రోజు నుంచి మా హరిణి బ్యాటు ఊపే ముందే కళ్ళు మూసేసుకుంటోంది. దానికి ఎనిమిదేళ్ళు. తక్కిన పిల్లలకు బేస్‌బాల్ నేర్పగలుగుతున్నాను. నా కూతురి దగ్గరే చేతకావడం లేదు.

నాకు ఈ నేర్పే పని నేర్పుతున్నది సలోమీ మేడం. అనంతపురంలో ఎంతోమంది పిల్లల చేత మొదటిసారి బ్యాటు పట్టించిన మనిషి. హరిణిని వెంటబెట్టుకుని మైదానంలో ఆమె దగ్గరికే వెళ్ళాను.

“మాన్పించేస్తాను మేడం. ఇంక చూడలేను.”

“మాన్పిద్దువులే. ముందు ఒక బంతి వెయ్యి, చూస్తా.”

పిల్లకు ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, స్పాంజి బంతి మెల్లగా విసిరాను. “కళ్ళు తెరువు తల్లీ, ఏం కాదు!”

ఎప్పటిలాగే బ్యాటు గాలిలో తిరిగింది.

మేడం పిల్లనే అడిగింది. “కళ్ళెందుకు మూస్తావ్ పాపా?”

“బంతి వేసేటప్పుడు మాయమ్మ మూస్తాది కదా.”

నేనా? నాకు తెలియనే తెలియదు.

మేడం బ్యాట్లు చుట్టి తెచ్చే పాత దుప్పటి విప్పి వాలీబాల్ నెట్‌కు వేలాడదీసింది. నన్ను దాని వెనక కూర్చోమంది.

“చెయ్యి మాత్రం పక్క నుంచి బయట పెట్టు.”

“పిల్ల కనబడదు మేడం. మళ్ళీ తగిలితే?”

“దానికి నువ్వు కనబడకూడదు. అంతే.”

వేశాను. బంతి నేల మీద పడిన చప్పుడు. మళ్ళీ వేశాను. అదే చప్పుడు. “తల్లీ...” అనబోయాను.

“ఊఁ, నోరు కూడా అక్కడే పెట్టుకో,” అంది మేడం అవతల నుంచి.

ఇంకొకటి వేశాను.

బ్యాటు టప్‌మని మోగింది. ఆ వెంటనే బంతి తగిలి దుప్పటి ఎగిరొచ్చి నా ముక్కుకు కొట్టుకుంది. వెల్లకిలా పడ్డాను.

“అమ్మా! తగిలిందా?”

“తగిలిందే!”

“ఏడుస్తాండావా?” హరిణి గొంతు సన్నబడింది.

నాకు నవ్వు ఆగడం లేదు. ఎన్నాళ్ళకో ఊపిరి నిండుగా ఆడింది.

మేడం దుప్పటి ఎత్తింది. మట్టిలో కూర్చుని, ముక్కు పట్టుకుని నవ్వుతున్న నన్ను హరిణి తేరిపార చూసింది. తర్వాత అదీ నవ్వింది. బంతి ఏరుకొచ్చి నా చేతిలో పెట్టి, పరుగున వెళ్ళి బ్యాటెత్తి నిలబడింది.

“ఇంక ఆ మొహంతోనే వెయ్యి,” అని, మేడం దుప్పటి మడుచుకుని వెళ్ళిపోయింది.