తాతగారి పీపా

పల్లంరేవు రాజు జగపతివర్మకు పాత ద్రాక్షసారా పిచ్చి. మామూలుది కాదు, ఘాటు సారాయి కలిపి పీపాల్లో ఏళ్లకేళ్లు మాగబెట్టినదే కావాలి. ఎక్కడో ఒక పీపా ఉందని తెలిస్తే చాలు, అక్కడికి మనిషిని పరిగెత్తించేవాడు. కోటగోడ కూలుతున్నా పట్టించుకోడు గానీ, నేలమాళిగలో పీపాలకి దుమ్ము పడితే మాత్రం ఊరుకోడు!

అన్నిటిలోకీ తాతగారి పీపా అంటే ఆయనకు ప్రాణం. ఓడలో రెండుసార్లు సముద్రాలు చుట్టి, ఎండకు కాగి, అలలకు ఊగి వచ్చిన సరుకు అది. తాతగారు చుక్క ముట్టకుండా దానికి లక్కముద్ర వేయించి, "నా మనవడి షష్టిపూర్తికి తెరవండి" అని చెప్పి కన్నుమూశారు.

ఆ షష్టిపూర్తి ఎల్లుండే. రాజుగారికి ఆత్రం ఆగలేదు. పీపాను సభకు తెప్పించి, ముద్దుగా వేళ్లతో తట్టాడు.

డొల్లగా మోగింది. సగం ఖాళీ!

"ఆవిరైపోయిందేమో ప్రభూ" అన్నాడు మంత్రి.

"ఆవిరా!" అని నవ్వాడు రంగభూపతి. ఈయన కొలువులో రుచులు చెప్పే పెద్దమనిషి. ఒక్క గుక్క నోట్లో తిప్పి, అది ఏ పీపాలోదో చెప్పేస్తాడు. నిజంగానే చెప్తాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ తర్వాత తన నాలిక గొప్ప తనే పొగుడుకుంటుంటే వినడమే నరకం. "ఏటా గ్లాసెడు ఆవిరవుతుందేమో గానీ, సగం పీపా అవుతుందా? తాళాలు ఎవడి దగ్గరున్నాయో వాణ్ణడగండి."

తాళాలు నేలమాళిగ కాపలాదారు అప్పలసూరి దగ్గరున్నాయి. పాపం, చేతులు జోడించాడు.

"మహాప్రభూ, దాని వాసన తగిలితేనే నాకు తుమ్ములొస్తాయి! నేను తాగడమేమిటి? లోపలికి భూపతిగారు కూడా రోజూ వస్తారు కదా..."

"నోర్ముయ్! అన్ని పీపాలూ నా నాలిక కోసం తెరిచిపెట్టి ఉంటే, మూసిన పీపాతో నాకేం పనిరా?"

ఆ మాట సబబుగానే తోచింది రాజుగారికి. "సాయంత్రానికి వీడికి కొరడా దెబ్బలు, ఆపైన దేశబహిష్కారం!" అన్నాడు. అప్పలసూరి నిలబడ్డచోటే కూలబడి ఏడ్చాడు.

అప్పుడు లేచాడు ఆస్థాన హాస్యగాడు చిట్టెన్న.

"శిక్ష ఎక్కడికి పోతుంది ప్రభూ! దొంగవెధవ నీళ్లు కలిపాడేమో, మిగిలిన సగమైనా మంచిదో కాదో చూడొద్దూ? పీపాను పక్కగదిలోకి పంపించండి. నేను గిన్నెడు పట్టుకొస్తాను, భూపతిగారు రుచి చెప్తారు."

రాజు సరేనన్నాడు. కాసేపటికి చిట్టెన్న వెండిగిన్నెతో వచ్చి, "తాతగారి పీపా, బాబూ" అని వినయంగా అందించాడు.

రంగభూపతి కళ్లు మూసి గుక్కెడు నోట్లో తిప్పాడు. మరుక్షణం పకపకా నవ్వాడు.

"ఓరి చిట్టిగా, నన్నే బోల్తా కొట్టిద్దామనా? ఇది మెట్లకింది పీపాలోది, నిన్నగాక మొన్న వచ్చింది. తాతగారి సరుకంటే ఇదిరా? దానికి మొదట కాలిన బెల్లం రుచి, తర్వాత నారింజతొక్క చేదు, చివర్న నాలిక మీద సముద్రపు గాలి ఉప్పదనం! నా నాలికనా మోసం చేసేది?"

సభంతా ఆహా అంది. చిట్టెన్న చేతులు కట్టుకున్నాడు.

"మోసం చేయలేను బాబూ, ఇది మెట్లకింది పీపాలోదే. తాతగారి పీపా ముద్ర నేనింకా విప్పలేదు. మరి తాతగారే ఎరగని రుచి మీ నాలికకెలా తెలిసింది?"

రంగభూపతి గిన్నె కింద పెట్టి, మెల్లగా గుమ్మం వైపు జరిగాడు.

రాజుగారు పక్కగదిలోకి పరుగెత్తాడు. లక్కముద్ర చెక్కుచెదరలేదు. పీపాను దొర్లిస్తే అడుగున సన్నని బెజ్జం, మైనంతో పూడ్చి ఉంది! అది ఊడబెరికి గుక్కెడు తాగి చూశాడు. కాలిన బెల్లం, నారింజతొక్క, చివర్న ఉప్పదనం, అచ్చం అలాగే ఉంది.

"ఒరే భూపతీ! రేపటినుంచి అన్నసత్రంలో పులుసుకి ఉప్పు చూడు. నీ నాలికకి అదే చాలు!" అని గర్జించాడు రాజు.

తర్వాత తన చేతి కంకణం తీసి చిట్టెన్నకు తొడిగాడు. పీపాలోంచి గిన్నె నిండా వంపి, "అన్యాయంగా ఏడిపించాను, మనసులో పెట్టుకోకు" అంటూ స్వయంగా అప్పలసూరికిచ్చాడు.

అప్పలసూరి గిన్నెను మూతిదాకా తెచ్చాడో లేదో, హాచ్! హాచ్! హాచ్! రాజుగారి పట్టుబట్టలు తడిసిపోయాయి.

సభంతా గొల్లుమంది. రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు.

చిట్టెన్న మెల్లగా వచ్చి గిన్నె అందుకున్నాడు.

"ప్రభూ, ఇతని వంతు కూడా నాకే ఇప్పించండి. నాకు తుమ్ములు రావు."