ఉత్త గుప్పిట

అనగనగా ఒక ఊరు, బంగారూ. ఆగాగు, అప్పటికింకా ఊరెక్కడిదీ! నల్లమల కింద అంతా మనిషెత్తు గడ్డే. ఆ గడ్డిలోకి మొట్టమొదట పశువుల్ని తోలుకొచ్చినవాడు మా ముత్తాత బయ్యన్న. ముళ్ళకంపతో దొడ్డి కట్టాడు, మంద పెంచాడు.

మందకి ముందు నడిచేది చుక్కావు. బయ్యన్న గుప్పిట్లో ఉప్పు పట్టుకుని "హోయ్, చుక్కీ!" అనేవాడు. అది ఉరుక్కుంటూ వచ్చి ఆ ఉప్పు నాకేది. దాని వెనకే మందంతా కొండ దిగేది.

"ఆవులకి ఉప్పెందుకు, పప్పు వండుకుంటాయా?" అంటావు, నాకు తెలుసు. నీకు బెల్లమెంతో వాటికి ఉప్పంత!

ఒక వానాకాలం ఉప్పు అయిపోయింది. అప్పుడు బయ్యన్న ఉత్త గుప్పిట చూపించాడు. చుక్కి వచ్చింది, వేళ్ళు నాకింది, ఊరుకుంది.

ఆ తర్వాత ఇంట్లో ఉప్పున్నా, లేచి తేవడానికి బద్ధకం. మళ్ళీ ఉత్త గుప్పిటే. పెళ్ళాం సాయమ్మ తిట్టింది.

"నోరులేనిదాన్ని ఏమారుస్తావేంది? దానికి గుర్తుంటాది."

"పోవే, పశువుకేం గుర్తు!" అని నవ్వాడు.

మూడోసారి, దాని దూడని సంతకి తోలాలి. ఉత్త గుప్పిటతోనే చుక్కిని పిలిచి కట్టేశాడు. దాని కళ్ళముందే దూడని తీసుకుపోయాడు.

ఆ ఎండాకాలం కొండకి నిప్పంటుకుంది. మంద పైనుంది, ఏరు కిందుంది. బయ్యన్న గుప్పెడు ఉప్పుతో పరుగెత్తాడు. "హోయ్, చుక్కీ! రామ్మా!"

చుక్కి ఆ గుప్పిట వంక చూసింది. కదల్లేదు. అది కదలందే మంద కదలదు కదా!

"ఉందే తల్లీ, ఈసారి ఉందే!" అని చెయ్యి తెరిచాడు. అప్పటికే పొగ కమ్మేసింది. చుక్కి అటు తిరిగి కొండెక్కిపోయింది, మంద దాని వెనకే. ఒక్కటీ తిరిగి రాలేదు.

దొడ్లో ఉన్న లేగదూడలే మిగిలాయి. మన ఊళ్ళో పశువులన్నీ వాటి సంతానమే, నాన్నా. బయ్యన్న మళ్ళీ ఏనాడూ పశువు ముందు గుప్పిట మూయలేదు. ముసలాడయ్యాక కూడా పొద్దుగూకే వేళ అరచేతిలో ఉప్పు పోసుకుని, కొండవైపు చాపి నిలబడేవాడట.

ఏంటీ, నా గుప్పిట్లో ఏముందా? అయ్యో, మూశానా! ఇదిగో, చూడు, బెల్లంముక్క. నిజంగానే ఉంది. తిని పడుకో.

చుక్కావు కొండకి, ఉప్పురాయి మట్టికి,
కథ నడిచె కంచికి, కునుకు రావె కంటికి.