దంతపు పెట్టె, లక్క పెట్టె

"ఈ రెండు పెట్టెల్లో ఏది గొప్పదో పొద్దుగూకేలోగా తేలిపోవాలి!" అని హుకుం జారీ చేసేశారు కోనలపాడు సంస్థానం ఏలే సింహాద్రిరాజు గారు.

సభ మధ్యలో బల్ల మీద రెండు ఆటపెట్టెలున్నాయి. రెంటిలోనూ ఆట ఒకటే, కోడిపందెం. పెట్టె మీద రెండు బొమ్మ పుంజులు. అటొకరు ఇటొకరు కూర్చుని ఎవరి వైపు మీటలు వాళ్లు నొక్కితే, పుంజులు ఎగిరెగిరి తన్నుకుంటాయి. ముందు పడిపోయిన పుంజు ఓడినట్టు.

ఒకటి దివాన్ భైరవమూర్తి ఏరికోరి తెప్పించిన దంతపు పెట్టె. పన్నెండు మీటలు, చుట్టూ అద్దాలు, పుంజులకి నిజం ఈకలు, నెగ్గితే గణగణ మోగే గంటలు. ఇన్ని హంగులూ చాలవన్నట్టు మూత మీద తన బొమ్మ కూడా చెక్కించుకున్నాడు మహానుభావుడు, మీసాలతో సహా! రెండోది కోట వడ్రంగి చేసిన లక్క పెట్టె. ఎగరడానికో మీట, తన్నడానికో మీట, వెనక్కి తగ్గడానికో మీట, అంతే. గంటలూ లేవు, గింటలూ లేవు.

"రెంటి మీదా ఆడాను. రెంటి మీదా నేనే నెగ్గాను. రెండూ ఆవలింతలే తెప్పించాయి" అని రాజుగారు విసుక్కున్నారు.

నెగ్గరూ మరి! ఆ కోటలో రాజుగారి మీద నెగ్గే ధైర్యం ఎవడికుంది? నిన్నటికి నిన్న సేనాపతి తన పుంజుని తనే పడుకోబెట్టేసి, "అబ్బ, ఏం దెబ్బ కొట్టారు ప్రభూ!" అన్నాడు. రాజుగారింకా మీట మీద చెయ్యే వెయ్యలేదు.

పక్కనే నిలబడ్డ గవరమ్మకి ఆ సంగతి గుర్తొచ్చి కిసుక్కున నవ్వొచ్చింది. రాజుగారి తమలపాకుల పెట్టె, అదే అడపం, మోసేది ఆవిడే.

"ఏమే గవరా, దంతపు పెట్టెని చూస్తే నవ్వొస్తోందా?" అని దివాన్ కళ్లెర్రజేశాడు. ఆవిడ నోరంటే అతనికి మొదట్నించీ కంటగింపు. "అంత తెలిసినదానివైతే తీర్పు నువ్వే చెప్పు. అది ప్రభువులకి నచ్చలేదో, అడపం ఇక్కడ పెట్టి కోట దాటి పోవాలి. సరేనా?"

గవరమ్మ చేతిలోని అడపం కేసి చూసుకుంది. వాళ్లమ్మ మోసిన అడపం అది. కోట దాటితే తలదాచుకోను ఇంకో చూరు లేదు. అయినా ఆ నోరు ఊరుకుంటుందా?

"సరేనండి. కానీ తమరు నాతో ఆడాలి. తమరి మొహంలోకి చూస్తూ ఆడడం మర్యాద కాదు గనక మధ్యన తెర కట్టించండి."

అడపం మోసేదానితో ఆటా అని దివాన్ మూతి ముడిచాడు. కానీ సభంతా చూస్తోందాయె. ఈ దెబ్బతో పీడ విరగడైపోతుందనుకుని సరేనన్నాడు.

ఆకు చుట్టి అందిస్తూ గవరమ్మ రాజుగారి చెవిలో రెండు ముక్కలు చెప్పింది. ఆయన నవ్వాపుకుని, "మేం మేడ మీద కిటికీలోంచి చూస్తాం" అని లేచి వెళ్లారు.

గవరమ్మ వైపు దివాన్‌కీ సభకీ కనపడకుండా తెర కట్టారు. పుంజులు మాత్రం కనపడేలా కింద జానెడు జాగా వదిలారు. మేడ మెట్లు ఎక్కినట్టే ఎక్కి, దొడ్డిదారిన దిగొచ్చి తెర వెనక గవరమ్మ పక్కన కూర్చున్నదెవరో వేరే చెప్పాలా? మీట రాజుగారిది, మాట గవరమ్మది.

ముందు దంతపు పెట్టె. పన్నెండు మీటల్లో ఏది దేనికో రాజుగారికి అంతు చిక్కలేదు. పుంజు గిర్రున తిరిగి దభీమని పడింది. గంటలు మోగాయి.

"ఏమే గవరా! పుంజుని ఆడించడమంటే ఆకులకి సున్నం రాయడమనుకున్నావా?" అని దివాన్ పకపకా నవ్వాడు.

రాజుగారికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదటి ఓటమి. ఇంకోటి ఆడతారా అని గవరమ్మ సైగ చేస్తే ఆయన పెదవి విరిచి, పెట్టెని పక్కకి నెట్టేశారు.

తర్వాత లక్క పెట్టె. ఈసారి పుంజులు హోరాహోరీగా తన్నుకున్నాయి. వెంట్రుకవాసిలో రాజుగారి పుంజు ఒరిగిపోయింది.

"ఛీ, గుడ్డికోడి నయం!" అన్నాడు దివాన్.

రాజుగారి మొహం కందగడ్డ అయింది. నా పని అయిపోయింది దేవుడోయ్ అనుకుంది గవరమ్మ. ఆయన మాత్రం తలపాగా తీసి అవతల పారేసి, అంగీ చేతులు పైకి మడిచి మళ్లీ మీట పట్టారు.

మళ్లీ ఓడారు.

"ఓసి చవటా! నీకు ఆటలెందుకే, పోయి అంట్లు తోముకో!"

రాజుగారు బల్ల మీద దబ్బున చరిచారు.

"ఇంకొక్క ఆట!"

ఆ గొంతు గవరమ్మది కాదని అందరికీ తెలిసిపోయింది. గవరమ్మ తెర లాగేసింది. బోడితలతో, చెమటలు కక్కుతూ, మీట మీద వేలు తీయకుండా కూర్చున్నారు రాజుగారు.

దివాన్ పరుగున వచ్చి రాజుగారి కాళ్ల మీద పడ్డాడు. "ప్రభూ! నేను... గవర అనుకుని..."

"తీర్పేదే గవరమ్మా?" అన్నారు రాజుగారు.

"దంతపు పెట్టె మీద ఓడితే పక్కకి నెట్టేశారు. లక్క పెట్టె మీద ఓడితే తలపాగా విసిరేశారు. ఓడినా మళ్లీ కూర్చోబెట్టేదే గొప్ప పెట్టె ప్రభూ. తీర్పు నేను చెప్పలేదు, ఇందాక తమరే అరిచారు!"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. మెడలో ముత్యాల హారం తీసి గవరమ్మ అడపంలో పడేశారు. ఎంత సంతోషమో ఆవిడకి, కళ్లు తుడుచుకుంది.

దివాన్ ఇంకా కాళ్ల దగ్గరే ఉన్నాడు. "లేవయ్యా! ఇన్నాళ్లకి నాతో నిజంగా ఆడే మనిషి దొరికాడు. కూర్చో!" అన్నారు రాజుగారు.

దివాన్ లేచి కూర్చుని మీట పట్టాడు. "ప్రభూ... ఈసారి నెగ్గమంటారా, ఓడమంటారా?"

సభ గొల్లుమంది. గవరమ్మ తెర అంచు పట్టుకుని అంది:

"మళ్లీ వేసేయమంటారా దివాన్ గారూ? నేననుకుని ఆడేద్దురుగాని!"