పులి తోలుకు పరివారం

ఒకానొక రాజ్యాన్ని కీర్తిధ్వజుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ధైర్యం ఉంది, దానగుణం ఉంది. ఉన్న లోపమల్లా ఒక్క పెంకితనం. నోట వచ్చిన మాటను వెనక్కి తీసుకోవడం రాజుకు చిన్నతనమని ఆయన నమ్మకం. ఒకసారి నడివేసవిలో జ్వరంతో వణుకుతూ "ఇవాళ మహా చలిగా ఉంది" అన్నాడు. జ్వరం తగ్గాక కూడా ఆ మాట దిద్దుకోలేదు. సభంతా శాలువాలు కప్పుకుని చెమటలు కక్కుతూ కూర్చుంది.

అది నవ్వులాటగా పోయింది. ఉప్పు సంగతి మాత్రం అలా పోలేదు.

ఒకనాడు రాజుగారి భోజనంలో పప్పు చప్పగా ఉంది. వంటవాడు ఉప్పు వేయడం మరిచిపోయాడు. నిజం చెబితే ప్రాణం దక్కదని భయపడి మంత్రి వామదేవుడి వైపు చూశాడు. మంత్రి ఆ వంటవాడికి మేనమామ.

"వంటవాడి తప్పు కాదు ప్రభూ. ఉప్పు దొరకడం లేదు. ఉన్నదంతా తోళ్లపేటవాళ్లు చచ్చిన గొడ్ల తోళ్లకు పులిమేస్తున్నారు" అన్నాడు మంత్రి.

రాజు విస్తరి ముందు నుంచి లేవకుండానే ఆజ్ఞాపించాడు. "నేటి నుంచి ఈ రాజ్యంలో చచ్చిన పశువు తోలుకు చిటికెడు ఉప్పు తగలరాదు. తగిలించిన చెయ్యి తెగిపోవాలి."

తోళ్లపేట కోటకు దిగువన, వాగు ఒడ్డున ఉండేది. చచ్చిన గొడ్ల తోళ్లు ఒలిచి, వాటికి అంటుకున్న కండా కొవ్వూ గీకి, వాగులో కడిగి, ఉప్పు పట్టించి మడతపెట్టడం అక్కడివాళ్ల పని. ఆ తోళ్లు బండ్ల మీద కొండ అవతల తోళ్లు నానబెట్టే లందలకు వెళ్లేవి. అక్కడ తంగేడు చెక్క నీళ్లలో నానితే పదునెక్కి చెప్పులయ్యేవి, బావుల్లో నీళ్లు తోడే బొక్కెనలయ్యేవి. ఉప్పు లేకపోతే తోలు దారిలోనే కుళ్లి వెంట్రుక ఊడిపోయేది. అలాంటి తోలును లందవాళ్లు ముట్టుకునేవాళ్లు కాదు.

ఆజ్ఞ వెలువడిన వారంలోనే పల్లెల్లో గొడ్లకు గాలికుంటు రోగం సోకి చాలా చచ్చాయి. తోళ్లు గుట్టలుగా వచ్చిపడ్డాయి. పేటకు పెద్ద సిద్ధమ్మ అనే ఆవిడ. ఆవిడ పేటవాళ్ల చేత తోళ్లు గీకించి, కడిగించి, నీడపట్టున ఆరేయించింది. ఎంత చేసినా ఎండకు అవి వాసన పట్టడం మొదలైంది. ముసలి సేనాపతి జాలిపడి, ఆజ్ఞ సడలించమని రాజును వేడుకున్నాడు. ఆ సాయంత్రమే ఆయన్ని రాజ్యం పొలిమేర దాటించారు. తర్వాత నోరెత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అటువంటి సమయంలో రాజు వేటకు వెళ్లి పెద్దపులిని కొట్టాడు. దాని తోలు సింహాసనం మీద పరుచుకోవాలని ఆయన ముచ్చట. పులి కళేబరాన్ని వెంటపెట్టుకుని మంత్రి స్వయంగా పేటకు వచ్చాడు.

"దీన్ని ఒలిచి లందకు పంపే పూచీ నీది. ఒక్క వెంట్రుక ఊడినా నీ తల ఉండదు" అన్నాడు సిద్ధమ్మతో.

"చిత్తం. ఉప్పు ఇప్పించండి, దొరా."

"ఆజ్ఞ వినలేదా నువ్వు?"

"విన్నాను. ఉప్పు పెడితే చెయ్యి పోతుంది. పెట్టకపోతే తల పోతుంది. రెండిట్లో తమరికి ఏది కావాలో సెలవిస్తే అదే చేస్తాను."

మంత్రి గుర్రమెక్కి వెళ్లిపోయాడు.

సిద్ధమ్మ పులిని ఒలిచింది. కత్తి ఎక్కడా జారకుండా చెవుల దగ్గర, పంజాల దగ్గర ఊపిరి బిగబట్టి పని చేసింది. గీకి, కడిగి, తడి కారనిచ్చి, వేపచెట్టు నీడలో పరిచింది. అప్పటికే పొద్దు నడినెత్తికి వచ్చింది. ఈగలు ముసురుతున్నాయి. ఇక ఆగితే లాభం లేదని కాళ్లూ చేతులూ కడుక్కుని, మైలారయ్య ఇంటికి పరుగెత్తింది.

మైలారయ్య రాజుగారి కొలువులో మాటకారి. రాజును నవ్వించడం అతని ఉద్యోగం. సిద్ధమ్మ చెప్పిందంతా విన్నాడు.

"సేనాపతి మంచి మాటే చెప్పాడమ్మా. కానీ ఆజ్ఞ మార్చమన్నాడు. అక్కడే దెబ్బతిన్నాడు" అన్నాడు. "నాతో సభకు రా. నేను ఏమన్నా నువ్వు బెదరకు."

"నాకు బెదురు లేదయ్యా. తోలుకే వ్యవధి లేదు" అంది ఆమె.

ఇద్దరూ సభకు వెళ్లారు. మైలారయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, తమరు కొట్టిన పులి లందకు ప్రయాణమవుతోంది. దానికి కాస్త ఉప్పు ఇప్పించమని మనవి."

రాజు కనుబొమలు ముడిపడ్డాయి.

"ప్రభువుల ఆజ్ఞను ధిక్కరిస్తున్నాడు" అన్నాడు మంత్రి.

"మైలారయ్యా, నన్ను ఆజ్ఞ మార్చమంటున్నావా?" రాజు గొంతు తగ్గింది. ఆ గొంతు తగ్గితే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. భటులు ఒక అడుగు ముందుకు వేశారు. సిద్ధమ్మ నేల వైపు చూస్తూ చీర చెంగు పిడికిట బిగించింది.

మైలారయ్య నెమ్మదిగా అన్నాడు. "అక్షరం కూడా మార్చవద్దు ప్రభూ. చచ్చిన పశువు తోలుకు ఉప్పు తగలరాదన్నారు. పులి అడవికి రాజు. రాజును పశువని అనడానికి నాకు నోరు రావడం లేదు. తమరు అనమంటే అంటాను."

రాజు పక్కకు చూశాడు. అవునంటే రాజు పశువైపోతాడు. అది పక్కన కూర్చున్న సామంతుల చెవిన పడుతుంది.

"రాజు పశువెలా అవుతాడు? పులికి ఉప్పు పెట్టండి" అన్నాడు.

సిద్ధమ్మ ప్రాణం కుదుటపడింది. దండం పెట్టి వెనుదిరగబోయింది. మైలారయ్య కదల్లేదు.

"ఇంకేమిటి?" అన్నాడు రాజు.

"పులి ఒంటరిగా, ఒంటెద్దు బండిలో వెళుతోంది ప్రభూ. దారిలో జనం చూసి ఎవరో చిల్లర దొర కొట్టిన పులి అనుకుంటారేమోనని నా బాధ. రాజన్నవాడు పరివారం లేకుండా కదలవచ్చునా?"

రాజుకు ఆ మాట సూటిగా తగిలింది. "తగదు. పరివారాన్ని పంపుదాం. ఎవరిని పంపమంటావు?"

"తోలుకు తోళ్లే పరివారం. పేటలో ఎద్దులవీ, బర్రెలవీ, మేకలవీ గుట్టలుగా ఉన్నాయి. అన్నిటినీ వెంట పంపితే ఊరేగింపు కన్నులపండువగా ఉంటుంది. కాకపోతే పరివారం కంపు కొడితే పులిరాజుకే అవమానం. వాటికీ ఉప్పు పట్టించాలి."

మంత్రి లేచి నిలబడ్డాడు. "మోసం, ప్రభూ. పులి సంగతి వేరు. అవి వట్టి పశువులు."

మైలారయ్య అతని వైపు తిరిగాడు. "రాజును కొలిచే పరివారాన్ని పశువులంటారా, మంత్రిగారూ? అయితే ఈ సభలో ఉన్న మనమంతా ఏమిటి?"

మంత్రి రాజును చూశాడు, సభను చూశాడు, మెల్లగా కూర్చున్నాడు.

రాజు మైలారయ్యనే చూస్తున్నాడు. "ఇంతకీ నా ఆజ్ఞ ఉన్నట్టా, లేనట్టా?"

"నిక్షేపంలా ఉంది ప్రభూ. తమకు కొలువు చేయని పశువేదైనా ఈ రాజ్యంలో చస్తే, దానికి చిటికెడు ఉప్పు కూడా పెట్టం."

రాజు పెదవి ఒక పక్కకు ఒరిగింది. తర్వాత భుజాలు కదిలాయి. చివరకు సింహాసనం చెయ్యి పట్టుకుని కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వాడు. తన వేలి ఉంగరం తీసి మైలారయ్యకు ఇచ్చాడు. సిద్ధమ్మను ఏం కావాలో కోరుకోమన్నాడు.

"కోటలోని ఉప్పు కొట్టు తలుపు తెరిపించండి, ప్రభూ. మిగతాది తర్వాత కోరుకుంటాను" అంది ఆమె. అప్పటికే ఒక అడుగు బయట పెట్టింది.

పేటంతా ఉప్పు మోసింది, ఉప్పు రుద్దింది, మడతలు పెట్టింది. సాయంత్రానికి బండ్లు బారులు తీరాయి. పులిబండికి వందనం చేయమని కోట ద్వారం దగ్గరి భటులకు ఆజ్ఞ అందింది. గడ్డి కప్పిన బండ్లలో పులి ఎందులో ఉందో వాళ్లకు తెలియదు. అందుకని బర్రె తోళ్లకూ, మేక తోళ్లకూ, కడపటి బండి దాకా అన్నిటికీ వంగి వంగి దండాలు పెట్టారు.