ఏడో ప్రశ్నకు ఎరుపు

అడిగిన ప్రశ్నకు అడిగిన రోజునే జవాబు చెప్పడం మా పెద్దమ్మ పేరిందేవి గారికి అలవాటు లేదు. ముప్ఫై నాలుగేళ్ళు లెక్కల టీచరుగా పనిచేసి ఉద్యోగ విరమణ చేశారు. ఆ తరవాత కూడా, ఆవిడ దగ్గర చదువుకుని టీచర్లయినవాళ్ళు ఏదో ఒక సందేహం పట్టుకుని ఇంటికి వస్తూనే ఉండేవారు. ఆవిడ అంతా వినేవారు. కాఫీ ఇచ్చేవారు. "చూద్దాంలే" అనేవారు. నాలుగు రోజులు పోయాక తనే వాళ్ళ బడికి వెళ్ళి, ఆఖరి బెంచీలో కాసేపు కూర్చుని వచ్చేవారు. అడిగినవాళ్ళకి జవాబు అక్కడే ఎక్కడో దొరికేది. ఇలాంటివి మా ఇంట్లో చాలా చెప్పుకుంటాం. ఆ రోజు పెద్దమ్మ సంచీ పట్టుకుని నేనూ వెంట వెళ్ళాను కనుక, ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నేను కళ్ళారా చూసింది.

ఒక బుధవారం సాయంత్రం హిమజ వచ్చింది. కొండేపూడి హైస్కూల్లో ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతుంది. పెద్దమ్మ దీపం పెట్టి, నామాలు చదువుకుని లేచేదాకా అరుగు మీద ఓపిగ్గా కూర్చుంది. ఆవిడ రాగానే లేచి నిలబడింది.

"టీచరు గారూ, ఆటలతో పాఠం చెబితే పిల్లలకి చదువు వస్తుందా, ఒట్టి ఆటే వస్తుందా?"

"ఏం ఆటమ్మా?"

హిమజ చెప్పింది. పిల్లలకి గవర్నమెంటు వాళ్ళు తలా ఒక ట్యాబు ఇచ్చారు. తరగతి గోడకి పెద్ద తెర ఉంది. హిమజ ఆన్‌లైన్‌లో పది లెక్కలతో ఒక ఆట తయారు చేసింది. ఒక్కో లెక్కకి నాలుగు జవాబులు కనిపిస్తాయి, పిల్లలు తమ ట్యాబులో ఒకటి నొక్కాలి. సరైతే తెర మీద వాళ్ళ పేరు పక్కన పచ్చ వెలుగుతుంది, తప్పయితే ఎరుపు. ఆ వెంటనే అసలు జవాబేదో తెరే చూపిస్తుంది. వరసల వారీగా పాయింట్లు కూడి, తప్పులకి కోసి, ఏ వరస గెలిచిందో చెబుతుంది.

"ఇదివరకు నా క్లాసులో ఆవలింతలు లెక్కపెట్టుకునేదాన్నండీ. ఇప్పుడు బెల్లు కొట్టినా లేవరు."

"మరి దిగులెందుకు?"

"భవాని అని ఒక పిల్ల ఉందండి. జిల్లా లెక్కల పోటీకి ముగ్గురి పేర్లు శనివారం లోపల ఇమ్మన్నారు హెడ్‌మాస్టరు గారు. నోటు పుస్తకం చూస్తే ముందు దీని పేరే రాయాలి. కానీ ఈ వారమంతా ఒకటే ఆట ఆడిస్తాను, పదికి పది తెచ్చుకున్నవాళ్ళనే పంపుతాను అని క్లాసులో మాటిచ్చేశాను. సోమవారం ఆరుగురికి పదికి పది వచ్చింది. నిన్న పదిహేనుమందికి. ఇవాళ ఇరవై ఆరుగురికి. క్లాసులో ఉన్నది ఇరవై ఏడుగురు."

"ఆ ఒక్కరూ భవాని."

"అవునండి. మూడు రోజులూ తొమ్మిదే. అదే ఏడో ప్రశ్న, అదే తప్పు. అసలు జవాబు కళ్ళెదురుగా తెర మీద చూపించినా మర్నాడు మళ్ళీ పాతదే నొక్కుతుంది. తప్పు దిద్దుకోని పిల్లని పోటీకి ఎలా పంపనండీ?" గొంతు తగ్గించి అంది. "వాళ్ళమ్మ సింహాచలమ్మ మా బళ్ళోనే మధ్యాహ్నం భోజనం వండుతుంది. రోజూ నాకు వడ్డిస్తూ, మా అమ్మాయి పేరు రాశారా అండీ అని అడుగుతుంది. నేను పళ్ళెం కేసి చూస్తూ కూర్చుంటున్నాను. పుస్తకాన్ని నమ్మాలా, ఆటని నమ్మాలా, నాకు పాలుపోవడం లేదు."

పెద్దమ్మ చీర కుచ్చెళ్ళు సర్దుకున్నారు. "చూద్దాంలే. శుక్రవారం పారాయణ అయ్యాక వస్తాను. క్లాసు ఎన్నింటికి?"

శుక్రవారం అమ్మవారికి నివేదన చేసిన కొబ్బరి, బెల్లం ఒక డబ్బాలో పెట్టించుకుని, పదిన్నరకి ఇద్దరం కొండేపూడిలో దిగాం. పిల్లలు లేచి "నమస్తే అమ్మమ్మగారూ" అని సాగదీసి కూర్చున్నారు. ఆఖరి బెంచీలో పెద్దమ్మ, పక్కన నేను. భవాని మాకు రెండు బెంచీల ముందు కూర్చుంది. నూనె రాసి బిగించిన రెండు జడలు, తెల్ల రిబ్బన్లు. ట్యాబు ఒళ్ళో పెట్టుకుని, గాజు గిన్నెని పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకుంది.

ఆట మొదలైంది. అప్పటిదాకా బుద్ధిగా ఉన్న తరగతి ఒక్కసారిగా సంతలా అయింది. నిజం చెప్పాలంటే చూడముచ్చటగా ఉంది. లెక్క అంటే మొహం చాటేసే వయసు పిల్లలు మెడలు సాచి లెక్క కోసం చూస్తున్నారు. నాలుగో ప్రశ్నకి పెద్దమ్మ వేలు కూడా బెంచీ మీద ఎక్కడో నొక్కింది. నేను చూశానని తెలిసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

ఏడో ప్రశ్న తెర మీదకి వచ్చింది. ఒకటి బై రెండు, ఒకటి బై మూడు కూడితే ఎంత? హిమజ తెరకి వీపు పెట్టి, గొడవ చెయ్యొద్దని పిల్లల్ని అదుపు చేస్తోంది. భవాని వరసలో గుసగుసలు మొదలయ్యాయి. ముందు బెంచీలోని ప్రశాంతి అనే పిల్ల వెనక్కి తిరిగింది.

"ఏమే, ఇవాళైనా రెండు బై అయిదు నొక్కవే. నీకు పుణ్యముంటుంది."

"అసలు నొక్కకు. చేతులు కట్టుకుని కూర్చో, మిగతావాళ్ళం గట్టెక్కుతాం" అంది ఇంకో పిల్ల.

భవాని నొక్కాల్సింది నొక్కింది. తెర మీద ఇరవై ఆరు పేర్ల పక్కన పచ్చ, ఒక్క పేరు పక్కన ఎరుపు. వరస మొత్తం "అబ్బా" అని మూలిగింది. అసలు జవాబు రెండు బై అయిదు అని తెర పెద్ద అక్షరాలతో చూపించి, చప్పట్ల మోత వినిపించింది. పెద్దమ్మ కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఆ జవాబు కేసి చూశారు.

ఇంటర్వెల్ బెల్లు కొట్టాక ప్రసాదం పంచడానికి భవానిని సాయం పిలిచారు. పంచడం అయ్యాక, హిమజ కూడా పక్కనే ఉండగా అడిగారు.

"ఏడో దానికి ఏం నొక్కావమ్మా?"

"అయిదు బై ఆరండి."

"నిన్న?"

"అదేనండి."

"అది తప్పంటోంది కదా?"

"అంటోందండి."

"మరి?"

భవాని టీచరు కేసి ఒకసారి చూసి, కొబ్బరి డబ్బా మూత తిప్పుతూ చెప్పింది. "ముందే సగం ఉంది కదండీ. దానికి ఇంకొంచెం కలిపాం. కలిపాక సగం కన్నా తక్కువ ఎలా అవుతుందండీ? రెండు బై అయిదంటే సగం కూడా లేదు. మా అమ్మ అర గరిటె పప్పు వేసి, ఇంకాస్త వేస్తే, పళ్ళెంలో పప్పు తగ్గిపోదు కదండీ."

హిమజ మొహంలో రంగు మారింది.

"మరి ఆట ఎందుకు కాదంటోంది?" అన్నారు పెద్దమ్మ.

"దానికి ఎవరో అలా చెప్పుంటారండి."

ఆ మాటలో వెటకారం లేదు. తెలిసింది చెప్పింది, అంతే. పెద్దమ్మ నవ్వు ఆపుకోవడం నాకు తెలిసింది.

"మరి మీ టీచరు గారితో చెప్పలేదేం? పోటీకి పేరు పోతుందని తెలుసుగా."

"తెలుసండి. టీచరు గారు రోజూ బస్సులో నిలబడి వస్తారండి. మా కోసం బస్సులోనే ఫోనులో ఈ ఆట తయారు చేశానని చెప్పారు. అంత కష్టపడి చేస్తే, అందరి ముందూ తప్పని ఎలా చెప్పనండీ? తప్పు నొక్కడానికేమో చెయ్యి రాలేదు."

భవానిని పంపేసి హిమజ గబగబా ఆట తెరిచి చూసింది. పది జవాబుల గుర్తులు తనే పెట్టింది. ఏడో ప్రశ్నకి గుర్తు రెండు బై అయిదు పక్కన ఉంది. అయిదు బై ఆరు దాని కిందనే ఉంది.

"వంతెన దగ్గర బస్సు గుంతలో పడిందండి. వేలు ఎక్కడ పడిందో చూసుకోలేదు. సోమవారం నుంచీ ఎవరికి పచ్చ, ఎవరికి ఎరుపు అనే చూస్తున్నాను తప్ప లెక్క కేసి చూడలేదు. బెల్లు కొట్టేలోపు మార్చేస్తానండి, ఎవరికీ తెలియదు."

పెద్దమ్మ ప్రసాదం డబ్బా సంచీలో పెట్టుకుంటున్నారు. "మార్చు. ఇరవై ఆరుగురూ రేపటి నుంచి అయిదు బై ఆరు నొక్కుతారు. మళ్ళీ పదికి పది."

హిమజ ఫోను పక్కన పెట్టేసింది. పిల్లలు లోపలికి రాగానే, ఏ ముందుమాటా లేకుండా, "ఏడో ప్రశ్నకి తప్పు గుర్తు పెట్టింది నేను. భవాని నొక్కిందే సరైన జవాబు" అని చెప్పింది. టీచరు తప్పు ఒప్పుకుంటే ఏం చెయ్యాలో వాళ్ళకి తెలియదు. ముందుగా ప్రశాంతి లేచింది.

"సోమవారం నేనూ అయిదు బై ఆరే నొక్కానండి. ఎరుపు వచ్చింది. మంగళవారం మార్చేశాను."

"ఎందుకు మార్చావు? లెక్క మళ్ళీ చేసి చూశావా?"

"లేదండి. పదికి పది రావాలి కదండి."

"సోమవారమే పచ్చ వచ్చినవాళ్ళు ఎలా చేశారు?"

ఒక అబ్బాయి ఉత్సాహంగా లేచాడు. "పైవి రెండూ కలిపానండి, రెండు. కిందవి రెండూ కలిపాను, అయిదు. పచ్చ వచ్చింది. నాకు భిన్నాలు వచ్చేశాయి అనుకున్నాను." చెబుతూనే అనుమానం వచ్చి మెల్లగా కూర్చున్నాడు. తరగతంతా నవ్వింది, వాడు కూడా నవ్వాడు. మిగిలిన అయిదుగురూ అలాగే చేశారని చేతులెత్తారు. మొదటి రోజు పదికి పది తెచ్చుకున్న ఆరుగురూ వాళ్ళే.

హిమజ ఆ పూట ఇంక ఆట ఆడించలేదు. భవానిని ముందుకు పిలిచి, పప్పు గరిటె సంగతి అందరికీ చెప్పమంది. ఆ పిల్ల గోడకి చెబుతున్నట్టు మొదలుపెట్టింది. మూడో మాటకి గొంతు పెరిగింది. ఆఖరికి నల్లబల్ల మీద ఒక పళ్ళెం గీసి, సగం గీత పెట్టి, మూడో వంతు ఎంత వస్తుందో చూపించి, ఎంత ఖాళీ మిగిలిందో సుద్దతో నింపింది. ఆరో వంతు. ఎవరూ దిక్కులు చూడలేదు. పాయింట్లు తిరగ లెక్కవేస్తే భవాని వరసే వారమంతా ముందున్నట్టు తేలింది. ఆ పిల్ల తన చోటుకి వచ్చి కూర్చోగానే ప్రశాంతి వెనక్కి తిరిగి, "చెప్పానా, పుణ్యముంటుందని" అంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర సింహాచలమ్మ అడగకముందే హిమజ తనే పళ్ళెం పట్టుకుని వెళ్ళింది. "మీ అమ్మాయి పేరు రాశానమ్మా. మొదటి పేరు అదే." ఆవిడ చేతిలో గరిటె ఒక్క క్షణం గాలిలో ఆగింది. తరవాత హిమజ పళ్ళెంలో ఒక గరిటె పప్పు వేసింది. వద్దంటున్నా ఇంకో గరిటె వేసింది. పెద్దమ్మకీ నాకూ కూడా అదే మర్యాద జరిగింది. ఆ రోజు పప్పులో మామిడికాయ వేశారు. అంత రుచిగా నేను మళ్ళీ తినలేదు.

మమ్మల్ని బస్సు ఎక్కించడానికి హిమజ రోడ్డు దాకా వచ్చింది. తేలికపడినట్టే ఉంది కానీ, ఒక మాట లోపల నలుగుతోందని నడకలోనే తెలుస్తోంది. ఎర్రమట్టి దారి దాటాక అడిగేసింది.

"టీచరు గారూ, ఈ ఆటలు కట్టిపెట్టేస్తానండి. ఇదివరకులా నల్లబల్ల మీదే చెప్పుకుంటాను. ఏకంగా ఒక పిల్లకి అన్యాయం చెయ్యబోయాను."

"ఆ పిల్ల అలా ఆలోచిస్తుందని నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఇవాళేనండి."

"నోటు పుస్తకాలు ఎన్నాళ్ళ నుంచి దిద్దుతున్నావు?"

"జూన్ నుంచి."

బస్సు వచ్చింది. నేను సంచీ అందుకున్నాను. పెద్దమ్మ మెట్టు మీద కాలు పెట్టి, కమ్మీ పట్టుకుని, వెనక్కి తిరిగారు.

"ఆడించమ్మా. ఆట అయ్యాక మాత్రం పచ్చ వచ్చినవాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళకు. వాళ్ళకి చప్పట్లు ఉన్నాయిగా."