అలుగులు దొర్లిన ఆట

కోనమ్మ తల్లికి ఓ దండం పెట్టుకుని మొదలుపెడదాం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు జరగండి నాన్నా. కథ అందరికీ అందాలి.

తూర్పు కొండల్లో రేగుకోన అనే అడవి ఉండేది. ఆ అడవి నడుమ ఒక వాగు పారేది. వాగుకు ఈవల దుప్పులు, కుందేళ్లు, కొండముచ్చులు, నక్కలు కాపురముండేవి. ఆవల పెద్ద కొమ్ముల కణుజులు, అడవిదున్నలు, ఎలుగుబంట్లు, తాబేళ్లు ఉండేవి. వాగు మధ్యలో ఏటవాలుగా ఒక పెద్ద బండ ఉండేది. దాని పేరు ఆటబండ.

ఎండలు ముదిరి, ఇక తొలకరి పడాలి అనే రోజుల్లో, పున్నమి దగ్గర పడగానే ఆ బండమీద మూడు సందెలు, కోనను కాచే కోనమ్మ తల్లికి జంతువుల మేళం ఆట ఆడేది. కోనకు మొదటి వాన ఎలా వచ్చిందో చెప్పే కథ అది. జంతువులన్నీ రెండొడ్లమీదా కూర్చుని చూసేవి.

ఆ ఆటకు ఒక కట్టుబాటు ఉండేది. చివర్లో మంగళం ఆటగాళ్లు పాడకూడదు. చూసినవాళ్లే పాడాలి. ఈవలి ఒడ్డు మొదటి చరణం ఎత్తుకోవాలి, ఆవలి ఒడ్డు రెండో చరణం అందుకోవాలి. రెండూ కలిస్తేనే ఆట తల్లికి చేరినట్టు. మూడోదైన పున్నమి సందెనాడు కూడా మంగళం సగంలో ఆగిపోయిందా, ఆ మేళం బండ దిగిపోవలసిందే. మళ్లీ ఎక్కడానికి వీల్లేదు.

చాలా ఏళ్లు ఆ కథను కూర్మయ్య అనే తాబేలు చెప్పాడు. బండమీద కూర్చుని, మెడ చాచి, నిదానంగా పాడేవాడు. వయసు మీదపడి గొంతు సన్నగిల్లింది, చూపు పోయింది. మేళాన్ని సూదమ్మ అనే ముళ్లపందికి అప్పగించి తప్పుకున్నాడు.

సూదమ్మ వీపు ఒక్కసారి విదిలిస్తే చాలు, ముళ్లన్నీ ఝల్లుమని తాళం పలికేవి. ఆమెకు ఆట అంటే ప్రాణం. మేళంలోకి ఆమె మొదట పిలిచింది అలుగులను. అలుగులు మీరు చూసి ఉండరు. ఒంటినిండా పెంకుల్లాంటి పొలుసులుంటాయి. కాస్త అలికిడైతే చాలు, ఉండ చుట్టుకుపోతాయి. అందుకే అడవిలో వాటిని అందరూ పిరికిగొడ్లు అని ఎగతాళి చేసేవారు.

అలుగులకు పెద్దది గుండక్క. సూదమ్మ ఆమెతో అంది, "గుండక్కా, ఉండ చుట్టుకోవడం నీకు వచ్చు. బండ ఏటవాలుగా ఉంది. ఒక్కసారి దొర్లి చూడు."

గుండక్క దొర్లింది. బండంతా గుడగుడమంది. అచ్చం మేఘం ఉరిమినట్టే ఉంది.

ఆ ఉరుము వినగానే సూదమ్మ మనసులో కొత్త ఆట పుట్టింది. అలుగులు ఉరుములు. మిణుగురులు మెరుపులు. గిజిగాళ్లు అల్లిన తెర. ఏనుగు తొండంతో చల్లే నీళ్లే వాన. కొండముచ్చు కోదండం మబ్బుల రాజు. మాటలు లేవు, అంతా పాటే, అంతా పరుగే.

మొదటి సందె వచ్చింది. తెర లేచింది. మిణుగురులు గుంపుగా ఒక్కసారి వెలిగాయి. అలుగులు బండ పైనుంచి దొర్లుకుంటూ వచ్చాయి. కోదండం తీగ పట్టుకుని వాగు మీదుగా ఊగాడు. ఏనుగు తొండమెత్తి నీళ్లు చిమ్మింది.

ఈవలి ఒడ్డు ఊగిపోయింది. దుప్పిపిల్ల చుక్కి వాళ్లమ్మ ఒళ్లోంచి లేచి గంతులేసింది. "అమ్మా, ఇంకోసారి దొర్లమను," అంది.

ఆవలి ఒడ్డున ముచ్చట వేరుగా ఉంది.

"ఏమిటర్రా ఈ తిరునాళ్ల గోల? కథేదీ?" అంది ఒక కణుజు.

"కథ వాగులో కొట్టుకుపోయింది. నా వీపు మాత్రం తడిసింది," అంది పక్కనున్న ఎలుగుబంటి.

ఆట ముగిసింది. ఈవలి ఒడ్డు గొంతెత్తింది.

"మబ్బుల తల్లికి మంగళము..."

ఆవలి ఒడ్డు నుంచి జవాబు లేదు. కణుజులు లేచి తోక దులుపుకుని వెళ్లిపోతున్నాయి. మంగళం సగంలో ఆగిపోయింది.



పొద్దున్నే మేళం కూడింది. కోదండం ఎత్తైన రాయి చూసుకుని కూర్చున్నాడు. రెండు నక్కలు అతని తోక సవరిస్తున్నాయి.

"ఆవలి ఒడ్డుకెళ్లి, ఏం నచ్చలేదో అడిగి వద్దామా?" అంది సూదమ్మ.

"గాడిదకేం తెలుసు గంధపు వాసన? వాళ్లనడిగేదేమిటి?" అన్నాడు కోదండం. "నన్నడిగితే మన హంగు ఇంకా చాల్లేదు. రెండో ఏనుగును పిలుద్దాం. ఈసారి వాళ్లకి కళ్లు బైర్లు కమ్మాలి."

"దొరవారు ఊగుతుంటే స్వర్గం కనబడింది," అంది ఒక నక్క.

"సూదమ్మగారి తాళానికి నా ఒళ్లు పులకరించింది," అంది రెండో నక్క.

రాత్రంతా దిగులుపడ్డ మనసు కదా, ఆ పొగడ్త చల్లగా తగిలింది. సూదమ్మ ఆవలి ఒడ్డుకు వెళ్లలేదు. రెండో ఏనుగుకు సరేనంది.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. అలుగులు దొర్లేముందు బండమీద పొడి ఇసుక చల్లుతారు, పట్టు దొరకడానికి. ఒక ఏనుగు నీళ్లను ఆ ఇసుక పీల్చుకుంటుంది. రెండో ఏనుగు తొండమెత్తితే ఇసుక నిలుస్తుందా? ఆ ఆలోచన ఎవరికీ రాలేదు.

రెండో సందె మొదలైంది. రెండు తొండాలు ఒకేసారి చిమ్మాయి. ఇసుక కొట్టుకుపోయింది. బండ పాచిపట్టిన మెట్టులా జారుడుగా అయింది. దొర్లుతున్న అలుగులకు దారి తప్పింది. ఒకటి వెళ్లి కుందేళ్ల మధ్య పడింది. గుండక్క రాతి అంచుకు కొట్టుకుంది. ఆమె భుజం మీది పొలుసు విరిగింది.

సరిగ్గా అప్పుడే మబ్బుల రాజు తీగ మీంచి దిగాడు. "నేనే ఆకాశానికి ఏలికను," అని పాట ఎత్తుకున్నాడు. కాలు జారింది. వెల్లకిలా జారుకుంటూ పోయి, దున్నలు పొర్లే బురదగుంటలో పడ్డాడు. తల ఒక్కటే పైకి కనిపించింది.

మొదట నవ్వింది ఎవరనుకున్నారు? పొద్దున్న స్వర్గం కనబడిందన్న నక్కే. తర్వాత రెండొడ్లూ పొట్ట పట్టుకుని నవ్వాయి. ఆ సందె మంగళం ఈవల కూడా ఎవరూ ఎత్తుకోలేదు.

తెల్లవారి సూదమ్మ గుండక్క దగ్గరికి వెళ్లింది. గుండక్క ఉండ చుట్టుకుని పడి ఉంది.

"నొప్పిగా ఉందా అక్కా?"

"పొలుసుదేముంది, మళ్లీ వస్తుంది," అంది గుండక్క లోపల్నుంచే. "మమ్మల్ని చూసి నలుగురూ మెచ్చుకోవడం మొన్నే తొలిసారి చూశాను. ఇవాళ బండ దిగిపోతే మళ్లీ పిరికిగొడ్లమే కదమ్మా."

సూదమ్మ లేచింది. కోనమ్మను తలచుకుని, తిన్నగా వాగు వైపు నడిచింది.

దారిలో చెలమ దగ్గర చుక్కి నీళ్లు తాగుతోంది. సూదమ్మ ఆగింది. "చుక్కీ, నీకు ఆట బాగా నచ్చింది కదా. ఏం కథ అది?"

చుక్కి తల వంచి ఆలోచించింది. "బోలెడు దొర్లారు అత్తా. మెరుపులొచ్చాయి. వాన పడింది."

"వాన కోసం ఎవరు ఏడ్చారు?"

"ఎవరైనా ఏడ్చారా?" అంది చుక్కి ఆశ్చర్యంగా.

 సూదమ్మ వాగు దాటి ఆవలి ఒడ్డుకు నడిచింది.

కూర్మయ్య రావి వేళ్ల చాటున కూర్చుని ఉన్నాడు. అడుగుల చప్పుడుకే గుర్తుపట్టాడు. "రావే సూదీ. తిట్టించుకోవడానికి ఇన్నాళ్లకు తీరికైందా?"

"తిట్టండి తాతా. అందుకే వచ్చాను."

"నాకు కళ్లు లేవని తెలుసుగా. నేను ఆటను చెవులతో చూస్తాను. మీ మెరుపులు నాకు లేవు, మీ తెరా లేదు. నాకు మిగిలింది గడబిడ. కోన ఎండిపోయి తల్లులు బిడ్డలకు తడి లేక అల్లాడిన కథ అది. దప్పికే చెప్పకుండా వాన కురిపిస్తే ఎవరికి కావాలే ఆ వాన?"

సూదమ్మ తలదించుకుంది. "అయితే అలుగుల్ని ఆపేస్తాను తాతా. మీ పాత పద్ధతిలోనే పాడిస్తాను."

కూర్మయ్య విసుక్కున్నాడు. "ఇదిగో, ఇదే నీతో వచ్చిన చిక్కు. ఎవరాపమన్నారు? ఆ పిల్లలు దొర్లుతుంటే నా కాళ్ల కింద నేల అదిరింది. ఇన్నేళ్లు నేను నోటితో ఉరుము అన్నాను. ఒక్కసారైనా నా ఒళ్లు ఝల్లుమనలేదు. మొన్న అంది. అది తీశావంటే నేనే మంగళానికి అడ్డుపడతాను."

సూదమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మెచ్చిన చుక్కికి అందనిదీ, మెచ్చని తాతకు అందనిదీ ఒక్కటే, ఆ దప్పిక కథేనని అప్పుడు తెలిసింది.

వెనక్కి వచ్చి మేళాన్ని పోగేసింది. "ఒక్క ఏనుగే చాలు. ఉరుముకు ముందు మిణుగురులన్నీ ఆరిపోవాలి. నా తాళం కూడా ఉండదు. ఆ చీకట్లో ఒక్క గొంతు దప్పిక పాట పాడాలి."

"దీపాలార్పి ఏడుపు పాట పెడితే ఈవలి ఒడ్డు ఆవలించి లేచిపోతుంది," అన్నాడు కోదండం. అతని చెవిలో బురద ఇంకా ఆరలేదు. నక్కలు అప్పటికే ఇంకో రాయి దగ్గర, ఇంకొకరి తోక సవరిస్తున్నాయి.

"లేచిపోతే లేచిపోనీ. రెండొడ్లకూ అందే ఆట ఒక్కసారైనా ఆడి దిగుదాం," అంది సూదమ్మ.

"ఎవరు పాడతారు?" అన్నాడు కోదండం.

 అప్పుడు మూలనున్న ఉండ మెల్లగా విప్పుకుంది. గుండక్క మూతి బయటికి వచ్చింది.

"ఎండల్లో మా అమ్మ ఒక పాట పాడేది," అంది. "కానీ పాడాలంటే విప్పుకుని నిలబడాలి కదా. అంతమంది ముందు."

"నేను పక్కనే ఉంటాను అక్కా."

పున్నమి సందె వచ్చింది. రెండొడ్లూ నిండాయి. కొందరు ఆట చూడ్డానికి వచ్చారు, కొందరు మేళం దిగిపోవడం చూడ్డానికి వచ్చారు. తెర లేచింది. మిణుగురులు ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి. చందమామ ఇంకా కొండ వెనకే ఉన్నాడు. బండమీద చీకటి పరుచుకుంది.

గుండక్క నిలబడింది.  ఒళ్లంతా ఉండ చుట్టుకోమంటోంది. కళ్లు మూసుకుని అమ్మను తలచుకుంది.

"నాలుక ఆరింది, నా తల్లి కోనమ్మ,
వేలెడు చెలమైన చూపించవమ్మా,
బిడ్డకు తడిపెట్టి నేనాగి ఉంటాను,
చుక్కైన చాలమ్మ, చుక్కైన చాలు."

గొంతు సన్నగా ఉంది, కాస్త బొంగురుగా ఉంది. ఈవలి ఒడ్డున చుక్కి వాళ్లమ్మకు ఇంకొంచెం దగ్గరగా జరిగింది. ఆవల ఒక కణుజు ముక్కు చీదింది. ఎవరూ లేవలేదు.

పాట ఆగిన చోటే గుండక్క ఉండ చుట్టుకుని దొర్లింది. ఆమె వెనక అలుగులన్నీ దొర్లాయి. బండ గుడగుడమంది. మిణుగురులు భళ్లున వెలిగాయి. సూదమ్మ ముళ్లు ఝల్లుమన్నాయి. ఏనుగు తొండమెత్తింది. మొదటి చినుకు ముఖం మీద పడగానే చుక్కి నోరు తెరిచింది. ఈసారి గంతులేయలేదు. ఆ చినుకును మింగి, "వచ్చిందమ్మా వాన," అంది మెల్లగా.

బండ పక్కన కోదండం ఇసుక బుట్ట పట్టుకుని నిలబడ్డాడు. మబ్బుల రాజు వేషం వేస్తే అందరికీ బురదగుంటే గుర్తొస్తుందని, ఇంకెవర్నీ పెట్టకుండా ఆ పాత్రనే తీసేశారు. అతను తడిసిన చోటల్లా ఇసుక చల్లుతూనే ఉన్నాడు. ఆ సందె ఒక్క అలుగు కూడా జారలేదు.

ఆట ముగిసింది. ఈవలి ఒడ్డు గొంతెత్తింది.

"మబ్బుల తల్లికి మంగళము..."

ఆవల నిశ్శబ్దం.  అప్పుడు రావి వేళ్ల చాటునుంచి ఒక పగిలిన గొంతు లేచింది.

"మడుగుల తల్లికి మంగళము..."

కూర్మయ్య గొంతు అది. వెనకే కణుజులు అందుకున్నాయి. దున్నలు అందుకున్నాయి. ఎలుగుబంటి శ్రుతి తప్పినా గట్టిగా పాడింది. రెండొడ్ల మంగళమూ వాగు మీద కలిసింది. సరిగ్గా ఆ వేళకే చందమామ కొండెక్కి వచ్చాడు. కోనమ్మ తల్లి తొంగి చూసినట్టుంది.

అందరూ ఒక్క మాట మీదికి వచ్చారనుకునేరు. రాలేదు.

"పాట బాగుంది గానీ నీళ్లు ఇంకా ఎక్కువే. నా వీపు మళ్లీ తడిసింది," అంది ఎలుగుబంటి.

"ఆ చీకటి పాట ఇంకాస్త చిన్నదైతే బాగుండు," అంది ఒక కుందేలు.

వాగుకు అటూ ఇటూ నిలబడి వాదించుకుంటూనే ఉన్నారు. సూదమ్మ ఆ మాటలన్నీ శ్రద్ధగా విన్నది. వచ్చే ఏటికి పనికొస్తాయి కదా.

బండమీద ఇంకా అలుగులు నిలబడి ఉన్నాయి. రెండొడ్ల నుంచీ మెచ్చుకోళ్లు హోరెత్తుతున్నాయి. అంత చప్పుడు ఎప్పుడు విన్నా అవి ఉండ చుట్టుకునేవి. గుండక్క వీపు అలవాటు కొద్దీ ఒంగబోయింది. మళ్లీ నిటారైంది. ఆ చప్పుడు తగ్గేదాకా ఆమె అలాగే నిలబడింది.

నీతి: మెచ్చినవారి మాట ధైర్యాన్నిస్తుంది, మెచ్చనివారి మాట దారి చూపిస్తుంది, రెండొడ్ల మాటా విన్నవారి ఆటే నిలుస్తుంది.